తెలిసినవాళ్ళు కుడిచెయ్యి

ఆరుగురు ఒప్పుకున్నారు. ఏడో పిల్ల ఒప్పుకోలేదు.

"ఒప్పించండి," అన్నాడు షాంగ్.

వైస్ ప్రిన్సిపాల్ గది కిటికీలు మూసే ఉన్నాయి. అయినా బల్లమీద పసుపు దుమ్ము సన్నగా పేరుకుంది. ఏప్రిల్ గాలి అంతే, కొండల మట్టినంతా మోసుకొచ్చి బళ్ళో కుమ్మరిస్తుంది. షాంగ్ గ్లాసు మూత తీసి, తేలుతున్న టీ ఆకుల్ని పక్కకి ఊది ఒక గుక్క తాగాడు. ఎదురుగా నిలబడ్డ తాన్ టీచర్ని కూర్చోమనలేదు.

"శనివారం వృత్తి బడి వాళ్ళు పిల్లల్ని చేర్చుకుంటారు. జూన్ పరీక్ష లేదు, దానికోసం ఏడుపు లేదు. హోటల్ పని, కుట్టుపని, ఫోన్లు బిగించే పని నేర్పుతారు. హాయిగా బతుకుతారు. ఇందులో అన్యాయం ఏముంది?"

"రెన్ సూయేకి పరీక్ష రాయాలని ఉంది సార్."

"నాకు ఈ పొట్ట తగ్గాలని ఉంది." షాంగ్ పొట్ట తట్టుకున్నాడు. "ఉంటే సరిపోతుందా? మీ తరగతి సగటు మార్కులు ఎక్కడున్నాయో తెలుసుగా? ఆ ఏడుగురూ తప్పుకుంటే ఎక్కడికి లేస్తాయో కూడా తెలుసుగా?"

తాన్‌కి తెలుసు. తొమ్మిదో తరగతి చూసే ఏ టీచరైనా నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. జూన్ పరీక్ష రాసినవాళ్ళ మార్కులతోనే సగటు కడతారు. రాయనివాళ్ళు లెక్కలోకి రారు. అందుకే ఏటా ఏప్రిల్లో వెనకబెంచీలు పల్చబడతాయి. దాన్ని వెళ్ళగొట్టడం అని ఎవరూ అనరు. దారి చూపించడం అంటారు.

"లెక్కల్లో సూయేకి ఢోకా లేదు," అంది తాన్. "ఇంగ్లీషే ముంచుతోంది. అందులోనూ చదివి జవాబులు రాసే భాగం. చలికాలం సెలవుల తరవాత అది కూడా దారిలో పడింది. గట్టెక్కితే పదో తరగతికి హైస్కూల్లో సీటు వస్తుంది."

"దారిలో పడటం ఎవరు చూశారు?"

"నేను చూశాను."

"ఎక్కడ, బాయిలర్ గోడ దగ్గరా?" షాంగ్ నవ్వాడు. "మధ్యాహ్నం బళ్ళో అందరూ నిద్రపోతుంటే మీరక్కడ కూర్చుని పిల్లలకి కెటిల్ గురించి, ఫ్లాస్కు గురించి ఇంగ్లీషులో కథలు చెబుతున్నారట. చెప్పండి, వద్దనను. కానీ కెటిల్ వచ్చి సగటు లేపదు కదా?"

తాన్ కదల్లేదు. షాంగ్ ఆమెవంక కాసేపు చూసి, గ్లాసుకి మూత పెట్టాడు. పెద్ద బేరానికి దిగేముందు అతను మూత పెడతాడు.

"సరే. గురువారం మీ ప్రదర్శన పాఠం. తాలూకా విద్యా కార్యాలయం నుంచి చెంగ్ మేడమ్ వస్తోంది. ఆవిడ ముందు ఆ పిల్ల లేచి ఒక్క ప్రశ్నకి సరైన జవాబు చెప్పనీ. నేనే ప్రిన్సిపాల్ దగ్గరికెళ్ళి వృత్తి బడి జాబితాలోంచి పేరు తీయిస్తాను. మాటంటే మాటే. చెప్పలేక దిష్టిబొమ్మలా నిలబడిందనుకోండి..." అతను ఆగాడు. "సీనియర్ టీచరు హోదాకి మీ పేరు వెళ్ళడం ఇది ఎన్నోసారి?"

"మూడోసారి."

"ఇదీ పోతే నాలుగోసారి అడగడానికి మొహం ఉండదు తాన్ టీచర్. ఆ పిల్లని పిలవమని నేననను, వద్దనీ అనను. అంతా మీ ఇష్టం."

తాన్ బయటికొచ్చేసరికి ఆమె చెప్పుల కింద దుమ్ము కరకరలాడింది.

*

మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లలంతా బల్లలమీద తలలు వాల్చి నిద్రపోవాలి. అది రూలు. ఆ వేళలో బడి ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది. వెనకవైపు బాయిలర్ గది గోడ ఒక్కటే వెచ్చగా, సన్నగా గుర్రుగుర్రుమంటూ ఉంటుంది. ఆ గోడకి ఆనించి పాత బెంచీ ఒకటి వేసుంది. మొన్నటిదాకా దానిమీద ఏడుగురు ఇరుక్కుని కూర్చునేవాళ్ళు. ఇవాళ సూయే ఒక్కతే ఉంది. బెంచీ నిండా చోటున్నా మూలకే కూర్చుంది.

తాన్ పక్కన కూర్చుని కాగితం తీసింది. పాత పరీక్ష కాగితం వెనకవైపు చేత్తో రాసిన ఎనిమిది వరసల ఇంగ్లీషు. పాఠ్యపుస్తకంలో పడవ షికార్లు, మ్యూజియాలు, ఎవరో ఒక కుటుంబం సముద్రం ఒడ్డున గడిపిన రోజు ఉన్నాయి. ఈ కొండల్లో పిల్లలకి సముద్రం ఎంత దూరమో ఆ మాటలూ అంతే దూరం. రెండో వరసకే కళ్ళు మూతలు పడేవి. అందుకని తాన్ తనే రాయడం మొదలెట్టింది. ఫ్లాస్కులో నీళ్ళు ఎందుకు చల్లారవు, ఎండలో సైకిల్ ట్యూబు ఎందుకు పేలుతుంది, ఉల్లిపాయ కోస్తే కళ్ళు ఎందుకు మండుతాయి, ఇవే. ఇవాళ్టిది కెటిల్ అడుగున పేరుకునే తెల్లటి గార గురించి.

సూయే ఎడమచేతి వేలు మొదటి మాట కింద పెట్టింది. వేలు నెమ్మదిగా కదిలింది. రెండో వరసలో ఒక మాట దగ్గర ఆగి, దాన్ని వదిలేసి ముందుకి పోయింది. అది చూసి తాన్ మనసులోనే మెచ్చుకుంది. తెలియని మాట దగ్గర కూలబడిపోకుండా దాటుకుని పోవడం ఆ పిల్లకి నేర్పేసరికి ఆమెకి తలప్రాణం తోకకొచ్చింది.

"టీచర్, ఇది అబద్ధం," అంది సూయే తలెత్తి.

"ఏది?"

"వెనిగర్ పోస్తే గార పోతుందని రాశారు. మా నాన్న పోశాడు. పోలేదు."

"ఎంతసేపు ఉంచాడు?"

"ఉంచడమేంటి? పోశాడు, పారబోశాడు, కెటిల్‌ని తిట్టాడు."

"కాగితం ఏమంటోంది?"

వేలు వెనక్కి వెళ్ళింది. అయిదో వరసకొచ్చి ఆగింది. సూయే పెదవులు కదిలాయి. "వేడి వెనిగర్... గంటసేపు... ఓహో."

"అయితే తప్పెవరిది?"

"నాన్నది. ఆయనకి చెప్పకండేం."

తాన్ నవ్వింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఆమె ఈ పిల్లలకి నేర్పింది ఒక్కటే. జవాబు మీ బుర్రలో లేదు, కాగితంమీద ఉంది, వేలు పెట్టి చూపించండి. మిగతా ఆరుగురూ ఊహించేవాళ్ళు. సూయే ఒక్కతే వేలు పెట్టడం నేర్చుకుంది.

"గురువారం పాఠంలో నువ్వూ కూర్చుంటావు," అంది తాన్.

సూయే మొహంలో నవ్వు పోయింది. ప్రదర్శన పాఠం రోజున వెనకబెంచీ వాళ్ళని ఆటల గదికి పంపేస్తారు. అది అందరికీ తెలిసిన సంగతే.

"షాంగ్ సార్ ఒప్పుకున్నారా?"

"ఒప్పుకున్నారు. అంతే కాదు. అందరి ముందూ నువ్వు ఒక్క ప్రశ్నకి జవాబు చెబితే వృత్తి బడికి వెళ్ళక్కర్లేదు. జూన్లో పరీక్ష రాస్తావు. నీకు నిజంగా తెలిసినప్పుడు కుడిచెయ్యి ఎత్తు. నేను పిలుస్తాను."

"నిజంగా పిలుస్తారా?"

"పిలుస్తాను."

సూయే కాగితాన్ని మడతమీద మడత పెట్టింది. "నేను చెప్పలేకపోతే మీకేమైనా అవుతుందా?"

"నాకేమవుతుంది?" అంది తాన్, గోడకేసి చూస్తూ.

*

బుధవారం రిహార్సలు. పాఠం ముందే ఖాయమైంది, ప్రశ్నలు ఖాయమయ్యాయి, ఏ ప్రశ్నకి ఎవరు లేవాలో అదీ ఖాయమైంది. లేచినవాడు మొదట ఒక చిన్న తప్పు చెప్పి, వెంటనే తనే దిద్దుకోవాలి. అలా అయితేనే సహజంగా ఉంటుందని షాంగ్ నమ్మకం. అతను గది వెనక నిలబడి సినిమా డైరెక్టరులా చేతులు తిప్పుతున్నాడు.

"చేతులు! అన్ని చేతులూ! అడవిలా లేవాలి! ఒక్క చెయ్యి కింద ఉన్నా ఈ తరగతిలో బద్ధకం ఉన్నట్టే లెక్క!"

తాన్ ప్రశ్న అడగ్గానే గది నిండా చేతులు లేచాయి. ఈ బళ్ళో చేరిన రోజు నుంచీ అందరికీ తెలిసిన ఒప్పందం అది. తెలిసినవాళ్ళు కుడిచెయ్యి, తెలియనివాళ్ళు ఎడమచెయ్యి. చూడటానికొచ్చినవాళ్ళకి కనిపించేది చేతుల అడవి. టీచరుకి మాత్రం ఎవర్ని పిలవాలో తెలిసిపోతుంది. ఎదురుగా నిలబడ్డ టీచరుకి కుడిఎడమలు తారుమారుగా కనిపిస్తాయి. ఇన్నేళ్ళ అలవాటుతో తాన్‌కి అదేం కష్టం కాదు.

చివరి వరసలో కిటికీ పక్క సూయే కుడిచెయ్యి లేచింది.

షాంగ్ అది చూశాడు. "ఏదీ, ఆ పిల్లని లేపండి. ఇవాళే చూద్దాం."

"రెన్ సూయే," అంది తాన్.

సూయే లేచింది. చెవులు ఎర్రబడ్డాయి.

"తెలుసా, తెలీదా?" అన్నాడు షాంగ్.

"తెలీదు సార్."

"మరి అది ఏ చెయ్యి?"

సూయే తన చేతికేసి చూసుకుంది. చిన్నబళ్ళో ఎడమచేత్తో రాస్తోందని వేళ్ళమీద కొట్టి కొట్టి మాన్పించారు ఆ పిల్లని. అప్పట్నుంచీ తొందరలో ఏది ఏ చెయ్యో క్షణం తడబడుతుంది. అది తాన్‌కి తెలుసు. తరగతికీ తెలుసు.

"కుడి..." అంది సూయే. "ఎడమ ఎత్తాలనుకున్నాను."

గది గొల్లుమంది. "చేతులమీద పేర్లు రాసుకోవే సూయే!" అన్నాడు లీడరు దోవ్ రుయ్. మొదటి బెంచీ, నున్నగా దువ్విన జుట్టు, రేడియోలో చదివినట్టు గడగడలాడే ఇంగ్లీషు. "ఇంగ్లీషులో రాస్తే మళ్ళీ కష్టం, మన భాషలోనే రాసుకో!"

మళ్ళీ నవ్వులు. షాంగ్ కూడా నవ్వాడు. ఆ నవ్వుతోనే తాన్ పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "దారిలో పడ్డ పిల్ల ఈమేనా? ఆలోచించుకోండి. నాదేం లేదు."

సూయే కూర్చుంది. రెండు చేతులూ బల్ల కిందికి పోయాయి.

*

గురువారం చెంగ్ మేడమ్ గోడ పక్క కుర్చీలో కూర్చుంది. పొట్టి జుట్టు, సాదా కోటు, మోకాళ్ళమీద సంచీ. ఆమె వెనక ఇద్దరు కుర్ర ఉద్యోగులు, ఆ పక్కన షాంగ్. కిటికీ అద్దాలు తుడిపించారు, నల్లబల్ల అంచులకి రంగు కాగితాలు అంటించారు. మిగతా ఆరుగురూ ఆటల గదిలో బంతులకి గాలి కొడుతున్నారు.

పాఠం నూనె రాసినట్టు సాగింది. దోవ్ రుయ్ చెప్పాల్సిన తప్పు చెప్పాడు, నాలిక కరుచుకున్నాడు, దిద్దుకున్నాడు. చేతులు లేచాయి, దిగాయి. సూయే ఎడమచెయ్యి అందరితోపాటు లేచి దిగింది. ఎవరి ప్రశ్న వాళ్ళకి ముందే పంచేశారు, వాటిలో సూయేది లేదు. చివర్లో ఒక ప్రశ్న ఖాళీగా అట్టిపెట్టింది తాన్. అక్కడ పిలుద్దామనుకుంది.

ఆ చివరిదాకా రానివ్వలేదు చెంగ్ మేడమ్. కుర్చీలోంచి లేచింది.

"తాన్ టీచర్, ఏమనుకోకండి. ఇది వీళ్ళకి బాగా పరిచయమున్న పాఠంలా ఉంది." గొంతులో కోపం లేదు. "నా దగ్గర చిన్న కాగితం ఉంది. ఎవరూ చూడనిది. చదివి, ఒక్క ప్రశ్నకి జవాబు చెబితే చాలు. పిల్లలు ఎలా చదువుతారో చూడాలని ఉంది, అంతే."

సంచీలోంచి కాగితాల కట్ట తీసి పంచింది. షాంగ్ చెయ్యి మెడ దగ్గర చొక్కా బొత్తాంమీదికి పోయింది.

తాన్ కూడా ఆ కాగితాన్ని అప్పుడే చూసింది. మిగిలిపోయిన ఆవిరి బన్నుల గురించి. బల్లమీద ఉంచితే నాలుగు రోజుల్లో బూజు పడతాయి. ఫ్రిజ్‌లో పెడితే బూజు పట్టవు, కానీ ఆ చల్లదనానికే అన్నిటికంటే త్వరగా రాయిలా గట్టిపడతాయి. పైన మంచు గడ్డకట్టే అరలో పెడితే వారమైనా మెత్తదనం పోదు. కింద ప్రశ్న: వారం తరవాత కూడా బన్నులు మెత్తగా ఉండాలంటే ఎక్కడ పెట్టాలి? చిన్న మాటలే. కానీ చదవకుండా ఊహించేవాడు ఫ్రిజ్ అనే అంటాడు. మంచి ప్రశ్న. ఇంకో రోజైతే తాన్ దాన్ని దొంగిలించి దాచుకునేది.

తలలన్నీ కాగితాలమీదికి వంగాయి. వాటిలో చదివేవి ఎన్నో, చదువుతున్నట్టు వంగినవి ఎన్నో ఇన్నేళ్ళ అనుభవానికి ఇట్టే తెలిసిపోతుంది. దోవ్ రుయ్ కళ్ళు మొదటి వరసనుంచి నేరుగా ప్రశ్నకి దూకాయి. చివరి వరసలో ఒక వేలు కదులుతోంది. ఆగుతోంది, దాటుతోంది, మళ్ళీ కదులుతోంది.

"సరే, ఎవరు చెబుతారు?" అంది తాన్.

చేతులు లేచాయి. అన్నీ లేచాయి. అడవిలా.

తాన్ వరసవరసా చూసింది. అన్నీ ఎడమచేతులే. మొదటి వరస ఎడమ. రెండో వరస ఎడమ. దోవ్ రుయ్ ఎడమ. అంత నిటారుగా, అంత ఉత్సాహంగా ఇంతమంది తమకి తెలియదని చెప్పడం ఆమె ఎప్పుడూ చూడలేదు. చెంగ్ మేడమ్ మొహం వికసించింది.

చివరి వరసలో, కిటికీ పక్క, ఒక్క కుడిచెయ్యి.

సూయే తాన్‌కేసే చూస్తోంది. చెయ్యి మరీ పైకి లేవలేదు, చెవిదాకా లేచి ఆగింది. కానీ కుడిచెయ్యే.

పిలువు, అనుకుంది తాన్. పిలుస్తానన్నావుగా.

షాంగ్ అటు చూడటం లేదు, తాన్‌నే చూస్తున్నాడు. తలూపలేదు, కళ్ళతో చెప్పలేదు. ఊరికే చూస్తున్నాడు. తాన్ చెవుల్లో నిన్నటి నవ్వు గొల్లుమంది. ఎడమ ఎత్తాలనుకున్నాను. ఇప్పుడూ అదే అయితే? కంగారులో మళ్ళీ తప్పు చెయ్యి ఎత్తితే? నున్నగా దువ్విన ఇంతమంది పిల్లలకి అంతుపట్టనిది చివరి వరస పిల్లకి పట్టిందా? ఇదెలా నిజమవుతుంది? లేస్తుంది, చెవులు ఎర్రబడతాయి, మాట రాదు. అంతే, అయిపోతుంది. ఆ పిల్లదీ, తనదీ.

తాన్ నోరు తెరిచింది. ఆ నోట్లోంచి వచ్చే పేరు ఏమిటో వచ్చేదాకా ఆమెకే తెలియదు.

"దోవ్ రుయ్."

దోవ్ రుయ్ ఒక్క క్షణం నమ్మలేనట్టు చూశాడు. ఎడమచెయ్యి ఎత్తినవాణ్ణి పిలవకూడదని కదా ఒప్పందం. అయినా లేచాడు. రేడియోలో చదివినట్టు, ఒక్క తడబాటు లేకుండా, బన్నుల్ని ఫ్రిజ్‌లో పెట్టాలని చెప్పాడు.

"ఉచ్చారణ చాలా బాగుంది," అంది చెంగ్ మేడమ్ నవ్వుతూ. "కానీ నాలుగో వరస చూడు బాబూ. గడ్డకట్టే అరలో. ఫర్వాలేదు, ఫర్వాలేదు, చాలామంది ఇలాగే పొరబడతారు." ఆమె గదంతా కలియజూసింది. "నాకు నచ్చింది వేరే. ఎవరూ చూడని పాఠం ఇచ్చినా ఒక్క చెయ్యి కూడా కింద లేదు. ఇలాంటి తరగతిని ఈ తాలూకాలో ఇంకెక్కడా చూడలేదు తాన్ టీచర్."

అందరూ చప్పట్లు కొట్టారు. తాన్ కూడా కొట్టింది. కిటికీవైపు చూడకుండా కొట్టింది.

ఆ వేళ అన్ని చేతుల్లోనూ దోవ్ రుయ్ ఎడమచేతినే నమ్మింది ఆమె. రెన్ సూయే కుడిచేతిని నమ్మలేదు.

*

కారు గేటు దాటాక షాంగ్ పరిగెత్తినట్టే వచ్చాడు. "బంగారంలాంటి పని చేశారు. ఆ పిల్ల చెయ్యెత్తడం నేనూ చూశాను. నా ప్రాణం గొంతులోకొచ్చింది అనుకోండి. పిలిచారో, ఇద్దరం మునిగేవాళ్ళం! ఇంక హోదా సంగతి నాకొదిలెయ్యండి."

తాన్ బాయిలర్ గది దగ్గరికి నడిచింది. సూయే ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు పట్టుకుంటోంది. ఆవిరి మొహంమీదికి కొడుతున్నా కుళాయిమీంచి చూపు తిప్పలేదు.

"సూయే."

"గడ్డకట్టే అరలో టీచర్. నాలుగో వరస. మేడమ్ చెప్పకముందే వేలు పెట్టాను."

"నువ్వు పొరపాటున ఆ చెయ్యి ఎత్తావనుకున్నాను."

"ఎత్తేముందు రెండుసార్లు చూసుకున్నాను టీచర్," అంది సూయే. "ఏ చెయ్యో అని."

నీళ్ళు ఫ్లాస్కు అంచుదాకా వచ్చాయి. సూయే కుళాయి కట్టేసి, బిరడా నొక్కి పెట్టి, కిందికి కారిన నీళ్ళని అంగీ అంచుతో తుడిచింది. కోపం ఉంటే బాగుండుననిపించింది తాన్‌కి. లేదు. ఆ మొహంలో ఆవిరి తడి తప్ప ఏమీ లేదు.

"ఇప్పుడే షాంగ్ సార్ దగ్గరికి వెళతాను. నీకు జవాబు తెలుసని చెబుతాను."

"సరే టీచర్," అంది సూయే, అడిగినందుకు చెప్పినట్టు.

తన గదిలో షాంగ్ పకపకా నవ్వాడు. "ఇప్పుడు తెలుసా? ఇప్పుడు నాకూ తెలుసు! వంటవాడికీ తెలుసు! చెంగ్ మేడమ్ నిండు తరగతిలో చెప్పిన జవాబు కదమ్మా అది. మన బేరం అది కాదుగా. లేచి చెప్పాలన్నాను. లేవలేదు."

"నేను లేపలేదు సార్."

"అదే నేను చెప్పేది. మీరే లేపలేదు." అతను నవ్వు ఆపి, దాదాపు జాలిగా చూశాడు. "మీకే నమ్మకం లేని పిల్లని నన్ను నమ్మమంటే ఎలా, తాన్ టీచర్?"

ఆ ప్రశ్నకి జవాబు ఏ కాగితంమీదా వేలు పెట్టి చూపించేది కాదు.

శుక్రవారం మధ్యాహ్నం తాన్ కొత్త కాగితం రాసుకుని బెంచీ దగ్గరికి వెళ్ళింది. సబ్బు మురికిని ఎలా వదిలిస్తుందో దాని గురించి. గోడ గుర్రుగుర్రుమంటూనే ఉంది. ఎవరూ రాలేదు. తరగతికి వెళ్ళి తొంగిచూసింది. సూయే అందరిలాగే బల్లమీద తల వాల్చి పడుకుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. తాన్‌ని చూసి మెల్లగా మూసుకుంది.

సాయంత్రం షాంగ్ కబురు చెప్పాడు. ఆ పిల్లే వచ్చి ఒప్పుకుందట. ఎవరూ ఒప్పించలేదట. "చూశారా," అన్నాడు, "పిల్లలకి మనకన్నా తెలివుంటుంది."

*

శనివారం పొద్దున హాస్టల్ మెట్ల కింద మూడుచక్రాల బండి ఆగి ఉంది. సూయే తండ్రి చుట్టిన పరుపుని బండిలోకి ఎత్తి తాడు బిగిస్తున్నాడు. ఆపిల్ తోట మనిషి. చేతుల వెనకవైపు చర్మం బెరడులా చిట్లి ఉంది, టోపీ నుదుటిమీదికి లాగి ఉంది. సూయే బకెట్, చెప్పులు, రబ్బరు బూట్లు ఒక్కొక్కటే అందిస్తోంది.

తాన్‌ని చూడగానే అతను తాడు వదిలేసి టోపీ తీశాడు.

"టీచరమ్మా, నీకోసమే చూస్తున్నా. ఆ లావుపాటాయన ఏదేదో చెప్పాడు. ఆయన మాట నాకెందుకు? నువ్వు చెప్పు." అతను కూతురివైపు తల తిప్పి మళ్ళీ ఇటు తిరిగాడు. "పూత మీదుంది తోట. పని మానుకుని పొద్దున్నే వచ్చింది ఒక్క మాట అడగడానికే. ఇది పరీక్ష గట్టెక్కుతుందా? ఊఁ అన్నావనుకో, ఈ పరుపు నా చేతుల్తోనే మళ్ళీ పైకి మోస్తాను. సాయంత్రం ఎక్కాల్సిన వృత్తి బడి బస్సు సంగతి, ఆయన సంగతి నేను చూసుకుంటాను."

సూయే చేతిలో రబ్బరు బూట్లు అలాగే ఉన్నాయి.

"గట్టెక్కుతుంది," అంది తాన్. మాట తడబడలేదు. "బాగా చదువుతుంది. నా తరగతిలో దానిలా చదివేవాళ్ళు లేరు."

అతని కళ్ళు చిన్నవయ్యాయి. సంతోషం కాదు, అనుమానం. "మరి మొన్న పెద్దవాళ్ళొచ్చినప్పుడు? నోరు మెదపలేదని చెప్పాడే ఆయన?"

"నేను చెయ్యెత్తలేదు నాన్నా," అంది సూయే.

తాన్ ఆ పిల్లకేసి చూసింది. సూయే బూట్లని బండిలో ఒక మూల సర్దుతోంది, పక్కపక్కన, జత చెదరకుండా.

"ఎత్తింది," అంది తాన్. "అందరిలోకీ దానికొక్కదానికే జవాబు తెలుసు. ఎత్తింది. నేనే పిలవలేదు. తప్పు నాది. భయపడ్డాను. దాన్ని నమ్మలేదు."

గాలికి దుమ్ము లేచి, మెట్లమీదుగా దొర్లి పోయింది. రైతు తాన్ మొహంలో ఏదో వెతికాడు. తరవాత కూతురి మొహం చూశాడు.

"ఎత్తావా?"

"లేదు నాన్నా. నాకు రాలేదు. పద, పూత దులిపే పనుందన్నావుగా."

అతను గట్టిగా ఊపిరి వదిలాడు. అనుమానం తీరిపోయిన మనిషి ఊపిరి అది. టోపీ మళ్ళీ పెట్టుకుని, తాన్ చేతిని రెండు చేతుల్తో పట్టుకున్నాడు. బెరడులాంటి ఆ చేతులు వెచ్చగా ఉన్నాయి.

"నీ మనసు మంచిది టీచరమ్మా," అన్నాడు. "రాని పిల్లని వచ్చిందనేవాళ్ళు ఎవరుంటారు? తప్పు నెత్తిన వేసుకునేవాళ్ళు అసలుంటారా? మా పిల్ల చేసుకున్న అదృష్టం నువ్వు. ఎక్కడున్నా నీ పేరు చెప్పుకుంటుంది."

"నేను నిజమే చెబుతున్నాను," అంది తాన్.

"తెలుసమ్మా, తెలుసు," అంటూ చెయ్యి తట్టి వదిలేశాడు. పిల్లల్ని ఊరుకోబెట్టేటప్పటి గొంతు.

సూయే పరుపుమీదికెక్కి కూర్చుంది. బండి దడదడమంటూ కదిలింది. ఏదైనా అంటుందేమోనని తాన్ ఆగింది. సూయే చేతులు రెండూ తాడు పట్టుకుని ఉన్నాయి. గేటు దగ్గర గతుకులో బండి ఎగిరినప్పుడు కూడా వదల్లేదు. వెనక్కి తిరిగి చూడలేదు. తరవాత దుమ్ము తప్ప ఏమీ కనిపించలేదు.

మొదటి గంట కొట్టారు. తాన్ మెట్లెక్కి తరగతిలోకి వెళ్ళింది. పిల్లలంతా లేచి నిలబడ్డారు. దోవ్ రుయ్ నిలబడలేదు, వెనక వంగి ఆఖరి బల్లని ముందుకి నెడుతున్నాడు. నుదుటిమీద చెమట. ఏడు కుర్చీలు గోడ పక్క ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. మిగిలిన వరసల్ని కాస్త కాస్త జరిపి, గదంతా సమంగా సర్దాడు.

"పొద్దున్నే వచ్చి చేశాను టీచర్," అన్నాడు చేతులు దులుపుకుంటూ, మెప్పుకోసం చూస్తూ. "చూడండి. ఎక్కడా ఖాళీ కనిపించడం లేదు కదా?"

తాన్ చూసింది. మొదటి వరసనుంచి చివరి వరసదాకా చూసింది.

"కనిపించడం లేదు," అంది. "పుస్తకాలు తియ్యండి."